ఇంటి మచ్చ

పొద్దున్నే బాయిలర్ వేడెక్కి గొట్టాల్లో ఆవిరి బుసకొట్టిందంటే ఆ ఇంట్లో తెల్లవారినట్టు. ముందు గదులు లాండ్రీ, వెనక గదులు సంసారం. కొట్టు ఎక్కడ అయిపోతుందో ఇల్లు ఎక్కడ మొదలవుతుందో ఆ ఇంటివాళ్లకే సరిగ్గా తెలియదు. వంటగదిలో సబ్బు వాసన, ఇస్త్రీ బల్లల దగ్గర టీ వాసన. ఆ ఇంటికి ఇంకో విశేషం కూడా ఉంది. అక్కడ ఎవరికీ జబ్బులు రావు. వచ్చినా వాటికి పేర్లు పెట్టరు.

"కొసలు గట్టిగా పట్టుకోవే," అంది తల్లి.

లాడ్జీ నుంచి వచ్చిన దుప్పట్లు ఆరి సిద్ధంగా ఉన్నాయి. అంత పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. చెరో వైపు పట్టుకుని వెనక్కి నడిచి, బిగించి, దులిపి, మళ్లీ ఎదురెదురుగా నడిచొచ్చి అంచులు కలపాలి. తల్లీకూతుళ్లు ఆ పని మాటలు లేకుండానే చేసేస్తారు. కూతురు చిన్నప్పుడు గల్లాపెట్టె పక్కన కూర్చుని రుమాళ్లు ఎంత పొందిగ్గా మడిచేదంటే, తండ్రి మురిసిపోయి "మడత" అని పిలవడం మొదలుపెట్టాడు. వీధి వీధంతా ఆ పేరు అందుకుంది. ఇప్పుడామెకు పెళ్లయింది. భర్త లిఫ్టు మెకానిక్. కాపురం రెండు వీధుల అవతల. అయినా మడత మడతే, పొద్దున్నే కొట్టుకు వచ్చేస్తుంది.

ఇంకో దుప్పటి అందుకుని వెనక్కి నడుస్తుంటే మడత కాళ్లు ఆగిపోయాయి. పొత్తికడుపులో ఎవరో తడిబట్టను పిండినట్టు మెలిపెట్టింది. ఆ మెలి నడుములోంచి తొడల్లోకి దిగింది. చేతిలో కొసలు జారాయి. తెల్లటి దుప్పటి వెళ్లి తడి నేల మీద పడింది.

"అయింది. మళ్లీ ఉతుక్కో," అంది తల్లి.

మడత బల్ల అంచు పట్టుకుని కిందికి వంగిపోయింది.

"ఏమైందమ్మా?" అన్నాడు తండ్రి గల్లాపెట్టె దగ్గర నుంచి.

"ఏం లేదు. ఆడవాళ్ల గొడవ," అంది తల్లి.

"అలాగా. బాయిలర్ ఒకసారి చూసొస్తా," అని ఆయన లేచాడు. ఆడవాళ్ల గొడవ అనే మాట చెవిన పడగానే ఆయనకు బాయిలర్ గుర్తొస్తుంది. మనిషి చెడ్డవాడు కాదు. పెళ్లయిన నాటి నుంచి భార్యను పల్లెత్తు మాట అనలేదు. ఆమె మాట విన్నదీ లేదు. ఆ బాయిలర్‌ను మాత్రం కంటికి రెప్పలా చూసుకున్నాడు.

తల్లి ఒక తువ్వాలు మడిచి బల్ల మీద వేసి, ఇస్త్రీపెట్టెతో గట్టిగా అదిమింది. వేడెక్కిన ఆ గుడ్డను తీసుకెళ్లి కూతురి పొత్తికడుపు దగ్గర బట్టల లోపలికి దోపింది. ఇది ఆ ఇంటి ఆడవాళ్ల పద్ధతి. నెలనెలా ఆ నాలుగు రోజులూ వేడి గుడ్డ దోపుకుని పని చేసుకుంటారు, చల్లారితే మార్చుకుంటారు. అమ్మమ్మ కాలం నుంచీ వస్తోంది. నొప్పికని ఎవరూ అనరు. కడుపు వెచ్చగా ఉండాలి అంటారు, అంతే.

ఆ గుడ్డ ఆనే చోట మడత ఒంటి మీద ఒక మచ్చ ఉంది. గోధుమరంగు గీతలు ఒకదానితో ఒకటి కలిసి వలలా అల్లుకుని ఉంటాయి. తల్లికీ అచ్చం అలాంటిదే ఉంది. పోయిన అమ్మమ్మకూ ఉండేది. దాన్ని వాళ్లు ఇంటి మచ్చ అంటారు. "మన ఆడపిల్లలకి ఈడొచ్చిన కొన్నాళ్లకి తేలుతుందే అది," అని అమ్మమ్మ చెప్పేది. మడతకు ఆ గీతలు మొదటిసారి కనిపించినప్పుడు తల్లి సంతోషించింది కూడా. అంతా మా అమ్మ పోలికే, రేపు నీ కూతురికీ వస్తుంది చూడు అంది.

"కాసేపు వెనక గదిలో పడుకుంటానమ్మా."

"పడుకుంటే ఇంకా ఎక్కువవుతుంది. పనిలో పడితే అదే పోతుంది. నిన్ను కన్న రోజు నేను..."

"తెలుసు. పొద్దున చొక్కాలు ఇస్త్రీ చేసి మధ్యాహ్నం నన్ను కన్నావు."

"మరి? నొప్పి అనే మాట నా నోట ఎప్పుడైనా విన్నావా? మీకు సుఖం ఎక్కువై సుకుమారాలు పెరిగాయి."

వాదించే ఓపిక మడతకు లేదు. గోడ పట్టుకుని నడిచి గుమ్మం దగ్గర ఆగింది. "ఆస్పత్రి వాళ్లు కొట్టు నంబరుకే ఫోన్ చేస్తామన్నారు. ఈ మిషన్ల చప్పుడులో నా సెల్లు వినపడదని ఈ నంబరే ఇచ్చాను. ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోవడానికి చేస్తారు. వస్తే నన్ను లేపు. మర్చిపోవద్దు."

"చూద్దాంలే," అంది తల్లి.

ఆ తేదీ కోసం మడత ఎంత తిరిగిందో తల్లికి తెలియనిది కాదు. ఒక డాక్టరు గ్యాస్ అన్నాడు. ఒకాయన రక్తం తక్కువ అన్నాడు. పెళ్లయితే పోతుందన్నారు, పెళ్లయ్యాక పిల్లలు పుడితే పోతుందన్నారు. చివరికి పెద్దాస్పత్రిలో ఒక సర్జన్, ఆమె కూడా ఆడమనిషే, మధ్యలో ఆపకుండా మడత చెప్పిందంతా విన్నది. స్కానింగులు చేయించింది. ఇది ఎండోమెట్రియోసిస్ అంది. గర్భసంచి లోపల ఉండే పొరలాంటిదే బయట కూడా పెరుగుతోందని, నెలనెలా అక్కడా వాచి రక్తం ఊరి, బయటికి దారిలేక లోపలి అవయవాలను ఒకదానికొకటి అతికించేస్తోందని విడమరిచి చెప్పింది. ఎడమ అండాశయంలో తిత్తి ఉందంది. మందులు వాడి చూశారు, లొంగలేదు. ఇక చిన్న గాట్లు పెట్టి కెమెరాతో చూస్తూ ఆ పెరిగిందంతా తీసేయాలన్నారు. ఆ జబ్బు పేరు విన్నప్పుడు మడత డాక్టరు ముందే ఏడ్చేసింది. భయంతో కాదు. తను అబద్ధం చెప్పలేదని తేలినందుకు.

ఇంటికొచ్చి చెబితే తల్లి ఒక్కటే అడిగింది. "పేరు పెద్దదైతే జబ్బు పెద్దదైపోతుందా?"

మధ్యాహ్నం కాకముందే ఫోన్ మోగింది. వెనక గదిలో మడత కడుపు పట్టుకుని పడుకుని, అప్పుడే కాస్త కునుకు తీస్తోంది. తల్లి చేతులు తుడుచుకుని ఫోన్ ఎత్తింది.

"వచ్చే మంగళవారానికి బెడ్ ఉందండీ. ముందురోజు సాయంత్రం వచ్చి చేరాలి. ఖాయం చేయమంటారా?" అంది అవతల అమ్మాయి.

తల్లి వెనక గది వైపు చూసింది. ఆమె కళ్ల ముందు కత్తులు మెదిలాయి. కోసి చూసి అండాశయం తీసేస్తే? ఇక ఆ కడుపున కాయ కాయకపోతే? నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్న మనవడో మనవరాలో చేతికి అందకుండానే పోతే? ఒక్క బిడ్డ పుట్టనీ, తర్వాత కోసుకుంటారో కుట్టుకుంటారో వాళ్లిష్టం అనుకుంది. పెద్దగా ఆలోచించను కూడా లేదు. మాట ముందే నోటికి వచ్చేసింది.

"ఇప్పుడు వద్దులెండి. తర్వాత చూస్తాం."

"మీరు పేషెంటుకి ఏమవుతారండీ?"

"వాళ్లమ్మని."

అమ్మ అంటే ఇంకెవరు అడుగుతారు. అవతల ఫోన్ పెట్టేశారు. తల్లి కింద పడ్డ దుప్పటిని తీసుకెళ్లి మళ్లీ నానేసింది.

"ఎవరమ్మా ఫోను?" అంది మడత లోపలి నుంచి.

"లాడ్జీ వాళ్లు," అంది తల్లి.

మంగళవారం వచ్చింది, వెళ్లింది. ఫోన్ రాలేదేమని మడత భర్తను వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్లింది. కౌంటరులో మనిషి కంప్యూటరు చూసి మామూలుగానే చెప్పింది. "మీ అమ్మగారే వద్దన్నారు కదండీ. ఆ బెడ్ వేరేవాళ్లకి ఇచ్చేశాం. ఇక మూడు నెలల తర్వాతే ఖాళీ."

అక్కడి నుంచి ఇద్దరూ నేరుగా కొట్టుకు వచ్చారు.  తల్లి ఇస్త్రీ చేస్తోంది. తండ్రి బట్టలకు గుర్తు చీటీలు గుచ్చుతున్నాడు.

"అత్తయ్యా, ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చిందా?" అన్నాడు అల్లుడు.

తల్లి ఇస్త్రీ ఆపలేదు. "వచ్చింది."

"మీరేమన్నారు?"

"వద్దన్నాను. అందులో దాపరికం ఏముంది?"

"లాడ్జీ వాళ్లన్నావు," అంది మడత. గొంతు చాలా మెల్లగా ఉంది. తండ్రికి కూతురి అరుపులు అలవాటే గానీ ఈ గొంతు కొత్త. ఆయన చీటీల కట్ట పక్కన పెట్టి లేవబోయాడు. మడత చూసింది. "కూర్చో నాన్నా. బాయిలర్ ఎక్కడికీ పోదు."

ఆయన నిలబడ్డాడు, కూర్చోలేదు.

"నా కడుపు, నా నొప్పి. వద్దనడానికి నువ్వెవరమ్మా?"

"కన్నదాన్ని. నిన్ను గొడ్రాలిని చేస్తానంటుంటే చూస్తూ ఊరుకోవాలా? ముందు ఒక బిడ్డని కను. ఆ తర్వాత నీ ఇష్టం. బిడ్డ పుడితే ఇవన్నీ వాటంతటవే సర్దుకుంటాయి."

"ఆ జబ్బు వల్లే కడుపు నిలవడం లేదేమోనని డాక్టరమ్మే అందత్తయ్యా," అన్నాడు అల్లుడు.

"మీరుండండి బాబూ. లిఫ్టులు బాగుచేసుకునే మీకు ఆడవాళ్ల కడుపుల సంగతి ఏం తెలుసు?"

"ఏం తెలీదు. కానీ లిఫ్టులో చప్పుడొస్తే మేం ఆపేసి, విప్పి చూస్తాం. పైకీ కిందికీ తిరుగుతోంది కదా అని జనాన్ని ఎక్కించం."

తల్లి ఇస్త్రీపెట్టెను కాలర్ మీద గట్టిగా నొక్కింది. మడత దగ్గరికొచ్చి ఆ ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపేసింది.

"పదమూడేళ్లప్పటి నుంచి చెప్తున్నాను నీకు. బడిలో కళ్లు తిరిగి పడిపోతే పొద్దున తినలేదు, అందుకే అన్నావు. పరీక్ష మధ్యలో లేచొచ్చేస్తే చదవలేదు, అందుకే నాటకాలు అన్నావు. పెళ్లయ్యాక కాపురం చేయడం ఇష్టం లేక ఎత్తుగడలు అన్నావు. ఆ మాట ఆయన అనలేదు, నువ్వన్నావు. నాకు పిల్లలు కావాలో వద్దో తర్వాత సంగతి. నువ్వు నమ్మితే చాలనుకున్నాను. ఒక్కసారి, 'అయ్యో, నొప్పిగా ఉందా' అంటే చాలనుకున్నాను. అదేమన్నా బరువా నీకు?"

తల్లి పెదవులు కదిలాయి. ఆ మాట అనడానికి నిజంగానే ఏ బరువూ లేదు. కానీ నోట వచ్చింది వేరు. "నాకు తెలీని నొప్పి నీకెక్కడ్నుంచి వచ్చిందే? మా అమ్మకి లేదు, నాకు లేదు. మా కడుపున పుట్టి నీ ఒక్కదానికే ఎలా వచ్చింది?"

"నిజమే. నీకు తెలీదు," అంది మడత. "తెలీనిదానితో ఇంకేం మాట్లాడతాను. రేపట్నుంచి కొట్టుకి రాను. దుప్పట్లు ఎవరితో మడుచుకుంటావో మడుచుకో."

"బెదిరిస్తున్నావా?"

"లేదమ్మా. అలిసిపోయాను."

వాళ్లు మెట్లు దిగి వెళ్లిపోయారు. భర్త ఏమైనా అంటాడేమోనని తల్లి ఆయన వైపు చూసింది. ఆయన అక్కడ లేడు. వెనక నుంచి బాయిలర్ మూత తీసిన చప్పుడు వినిపించింది.

ఆ మూడు నెలలూ తల్లి దుప్పట్లను ఒంటరిగా మడిచింది. ఒక వైపు కొసలు గోడ మేకులకు తగిలించి, రెండో వైపు తను పట్టుకుని లాగేది. అంచులు వంకరపోయేవి. మనిషిని పెట్టుకుందామా అని భర్త అడిగితే, అక్కర్లేదు, అదే వస్తుందిలే అంది. అది రాలేదు. కూతురి సంగతులు అల్లుడు తండ్రికి ఫోన్‌లో చెబితే, ఆయన ముక్తసరిగా ఇంట్లో చెప్పేవాడు. బాగాలేదట. వాంతులట. మెట్ల మీద కూలబడిపోతే పక్కింటివాళ్లు పట్టుకొచ్చారట. తల్లి వినేది. విని వేడి గుడ్డ మార్చుకుని పని చేసుకునేది.

ఆపరేషన్ రోజు రమ్మని ఎవరూ పిలవలేదు. తల్లే వెళ్లింది. భర్త కొట్టు చూసుకోవాలని ఉండిపోయాడు. థియేటర్ ముందు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో అల్లుడు ఉన్నాడు. మధ్యలో ఒక కుర్చీ వదిలి తల్లి కూర్చుంది. ఆయన టీ తెచ్చి ఒకటి ఆమె చేతికిచ్చాడు. 

అనుకున్నదానికంటే చాలా ఆలస్యమైంది. చివరికి సర్జన్ తలగుడ్డ తీసుకుంటూ బయటికొచ్చింది. ఆమె ముఖంలో అలసట చూసి తల్లి లేచి నిలబడింది.

"బాగానే ఉంది. మెలకువ వస్తోంది," అంది సర్జన్. "కానీ లోపల చాలా అతుక్కుపోయి ఉంది. పేగు నుంచి విడదీయడానికే ఎక్కువసేపు పట్టింది. ఎడమ అండాశయం మిగల్లేదండీ. తిత్తి దాన్నంతా తినేసింది. తీసేయాల్సొచ్చింది. కుడిది బాగుంది."

అల్లుడు గోడకు ఆనుకున్నాడు. "మూడు నెలల ముందైతే డాక్టర్?"

"ఖాయంగా చెప్పలేను. అప్పటి స్కాన్‌లో తిత్తి ఇంతలేదు. మిగిలేదేమో."

ఆయన అత్తగారి వైపు చూడలేదు. చూసి ఉంటే ఆమెకు కాస్త నయంగా ఉండేది.

"ఇంకో సంగతి," అంది సర్జన్. "పొట్ట మీద కాపడం పెట్టుకుంటూ ఉంటుంది కదా, ఎన్నేళ్లుగా? ఆ చర్మం బాగా మాడింది. వల మచ్చ పడింది చూడండి, ఇక దాని మీద వేడి తగలకూడదు."

"అది కాపడం మచ్చ కాదండీ," అంది తల్లి వెంటనే. కూతురి గురించి తనకు తెలిసిన సంగతి ఒకటైనా దొరికింది కదా అని ఆమె గొంతులో కాస్త ధైర్యం కూడా వచ్చింది. "అది మా ఇంటి మచ్చ. వంశంలో వస్తోంది. నాకూ ఉంది, మా అమ్మకీ ఉండేది."

సర్జన్ చేతిలో తలగుడ్డను అలాగే పట్టుకుని ఆగిపోయింది. "మీకూ ఉందా? ఒకే చోటా?"

"అచ్చం అక్కడే. మా ఆడపిల్లలకి ఈడొచ్చాక తేలుతుంది."

"కూర్చోండమ్మా," అంది సర్జన్. తనూ పక్క కుర్చీలో కూర్చుంది. "అది పుట్టుమచ్చ కాదు, వంశంలో వచ్చేదీ కాదు. ఏళ్ల తరబడి ఒకే చోట వేడి పెడితే తప్ప ఆ వల పడదు. మీరు దేనికి పెట్టుకునేవారు కాపడం?"

"కడుపు వెచ్చగా ఉండాలని."

"మీరేం పని చేస్తారు?"

"మాది లాండ్రీ అండీ."

"పొద్దస్తమానం ఆవిరి మధ్య నిలబడి పనిచేసే మనిషికి వెచ్చదనం కరువా అమ్మా?"

  సర్జన్ ఆమె భుజం మీద చేయి వేసి, "మీరొకసారి వచ్చి చూపించుకోండి," అని లేచి వెళ్లిపోయింది.

తల్లి అలాగే కూర్చుండిపోయింది. తన తల్లి ఇస్త్రీ బల్లకు పొట్ట ఆనించి నిలబడే తీరు గుర్తొచ్చింది. అప్పుడే ఇస్త్రీ చేసిన చోటుకు, బల్ల ఇంకా వేడిగా ఉండగానే, కళ్లు మూసుకుని ఆనుకునేది. ఆవిడకు అదో అలవాటు అనుకున్నారు అందరూ. పలకరిస్తే కసురుకునేది, అది ఆవిడ స్వభావం అనుకున్నారు. తనూ అంతే. ఆ నాలుగు రోజులూ పళ్ల మధ్య గుడ్డ పెట్టుకుని చొక్కాలు ఇస్త్రీ చేసింది. పళ్లు నూరుతోంది, పొగరు అని అత్తగారు అంటే అవును, పొగరే అనుకుంది. బట్టల మీంచి పొట్ట తడుముకుంది. ఇన్నాళ్లూ మా అమ్మ గుర్తు అని మురిసిపోయిన చోటు అది. ఆమెకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది.

ఆస్పత్రి నుంచి ఇంటికి పంపించాక మడత పుట్టింటికి రానంది. తన ఇంట్లోనే పడుకుంది. తల్లి ఇస్త్రీ చేసిన దుప్పట్లు పట్టుకుని పొద్దున్నే ఆ మేడ మెట్లెక్కింది. అల్లుడు తలుపు తీసి, పనికి వెళ్తున్నానని చెప్పి, పక్కకు తప్పుకున్నాడు.

మడత పాలిపోయి ఉంది. తల్లి ఏమీ అడగకుండా పక్క దుప్పటి మార్చింది. మనిషి పడుకుని ఉండగానే ముడత పడకుండా దుప్పటి మార్చడం ఆమెకు తెలిసిన విద్య. మడత ఒక పక్కకు ఒత్తిగిలి, మళ్లీ ఇవతలికి ఒత్తిగిలింది. అంతవరకే సహకరించింది.

"నొప్పి ఎక్కడుంది?" అంది తల్లి.

"భుజంలో. లోపలికి గ్యాస్ ఎక్కించి చేస్తారట, అది పోయేదాకా ఉంటుందట." తలగడ సర్దుకుంటూ అంది. "ఎడమది పోయింది. ఆయన చెప్పారు."

"ఊఁ."

"ముందే చేసుంటే? డాక్టరమ్మ నీతో ఏమంది?"

దానికి మెత్తటి జవాబు ఒకటి చెప్పొచ్చు. ఎవరికి తెలుసమ్మా, రాత అలా ఉంది అనొచ్చు. తల్లి దుప్పటి అంచు దిద్దుతూ, "మిగిలేదేమో అంది. నేనే పోగొట్టాను," అంది.

"అవును," అంది మడత. గోడ వైపు తిరిగింది.

తల్లికి చేతులు ఊరికే ఉంచుకోవడం రాదు. బల్ల మీద ఇస్త్రీపెట్టె కనిపించింది. తువ్వాలు మడిచి, అదిమి, వేడి గుడ్డ పట్టుకుని మంచం దగ్గరికొచ్చింది. చేయి చాచబోయి ఆగిపోయింది. దాని మీద ఇక వేడి తగలకూడదన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. తన చేత్తో తన కూతుర్ని ఇన్నేళ్లుగా కాలుస్తూ వచ్చింది, అది పోలిక అని చెబుతూ వచ్చింది. గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. ఇటు తిరిగిన మడత ఆ నిలబడటంలో ఇంకోటి చూసింది. తల్లి మోకాళ్లు వణుకుతున్నాయి. పెదవులు తెల్లగా ఉన్నాయి. ఒక చేయి మంచం కోడును పట్టుకుని ఉంది. ఆ పట్టుకోవడం మడతకు బాగా తెలుసు.

"నీకూ ఇదే నొప్పా?" అంది.

తల్లి తల ఊపింది.

"ఎన్నాళ్ల నుంచమ్మా?"

"నీలాగే. పదమూడో ఏటి నుంచి." తల్లి చేతిలోని గుడ్డను నలిపింది. "నమ్మలేదనుకున్నావు కదే నువ్వు. నీ మొహం చూస్తే తెలిసిపోయేది నాకు. నువ్వు చెప్పక ముందే తెలిసిపోయేది. కానీ నీది నొప్పే అని ఒప్పుకుంటే, నాదీ నొప్పే అని ఒప్పుకోవాలి కదా. ఎవరూ పట్టించుకోలేదే అని అప్పుడు ఏడవాలి కదా. మా అమ్మని తిట్టుకోవాలి, మీ నాన్నని తిట్టుకోవాలి. అంతమందిని తిట్టుకుని నేను మళ్లీ పనిలో ఎలా నిలబడతాను? అందుకని నిన్ను తిట్టాను. చిన్నపిల్లవి, నువ్వు తేలిగ్గా దొరికావు."

మడత కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. క్షమించాననే మాట ఆమెకు రాలేదు. ఇవాళ రాదు, రేపూ రాకపోవచ్చు. తెలిసి కూడా చేసిందని ఇప్పుడు తేలింది. అది తెలియకపోవడం కంటే చేదుగా ఉంది. కానీ ఆ వణికే మోకాళ్లను చూస్తూ పడుకోవడమూ ఆమె వల్ల కాలేదు.

"అది చల్లారిపోతుంది," అంది. "నువ్వు పెట్టుకో."

"ఇంటికెళ్లాక..."

"ఇక్కడే. ఈ మంచం మీద కూర్చుని పెట్టుకో. దాచుకోకుండా పెట్టుకో."

మడత భుజం నొప్పిని ఓర్చుకుంటూ జరిగి చోటిచ్చింది. తల్లి కూర్చుంది. బట్టల లోపలికి దోపకుండా, పైకి కనిపించేలా, రెండు చేతులతో ఆ గుడ్డను పొట్ట మీద అదుముకుంది. వంగిపోయింది. నోట్లోంచి మూలుగు వచ్చింది. అది తన గొంతేనా అన్నట్టు ఆమె తలెత్తి చూసింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. తండ్రి. కొట్టులో పని పేరుకుపోయిందని భార్యను తీసుకెళ్లడానికి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. మంచం మీద కూతురు ఏడుస్తోంది. పక్కనే భార్య రెండు మడతలుగా వంగి కూర్చుని ఉంది. ఆమెను అలా ఆయన ఎప్పుడూ చూడలేదు.

"ఏమైంది?" అన్నాడు.

"ఆడవాళ్ల గొడవ," అంది మడత, ముఖం తుడుచుకోకుండా. "వెళ్తావా?"

ఆయన అలవాటుగా వెనక్కి చూశాడు. మెట్లు తప్ప అక్కడ ఏమీ లేదు. చూసి రావడానికి ఆ ఇంట్లో బాయిలర్ లేదు. చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. ఏం చేయాలో తెలియక భార్య ముందు నేల మీద కూర్చున్నాడు.

"నీకేమైందే?"

తల్లి ఆయన్ను చూసింది. ఏం లేదు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది ఆ ఇంట్లో అందరికంటే పాత మాట. మడత ఆమె చేతిని గట్టిగా పట్టుకుంది.

"నొప్పి," అంది తల్లి.

"ఎప్పట్నుంచి?"

"మీరు నన్ను పెళ్లి చేసుకోక ముందు నుంచి."

ఆయన ఆ మాట విని లేవలేదు. తల దించుకుని, ఆమె పాదాల పక్కన, అలాగే కూర్చుని ఉన్నాడు.